ట్రోమ్సోకి ఎన్ని మజిలీలు

మారిత్ తల్లీ, తప్పులుంటే సర్దుకుని చదువు. నువ్వు నేర్పిన అక్షరాలే అయినా ఈ నాలుగు ముక్కలకే పొద్దెక్కింది.

పులుసు వేడిచేసుకుని తిను. కుక్కకు ఎముక వెయ్యి. కారులో దింపుతానన్నావు గానీ, రెయిన్‌డీర్లు ఈనే రోజుల్లో మందను వదలకు. బస్సులో ఆల్టా వెళ్లి, అక్కడ విమానం ఎక్కుతాను. రేపు ట్రోమ్సోలో మా చెల్లికి కంటి ఆపరేషన్. కట్టు విప్పేటప్పుడు పక్కన నేనుండాలి.

మీ తాత దూరాన్ని రెయిన్‌డీరు ఒంటేలుకు ఆగే మజిలీల్లో లెక్కకట్టేవాడు కదా. నిన్న ఫోనులో టికెట్టమ్మాయిని, "దారిలో ఎన్నిసార్లు ఆగుతుంది?" అని అడిగాను.

"నలభై నిమిషాలే మామ్మగారూ, అది ఆగదు. మీరే ముందుగా వెళ్లొచ్చి ఎక్కండి" అని నవ్వింది.

మొదటిసారి కదా, భయంగానే ఉంది.

తాత మొలకత్తిని విమానంలోకి రానివ్వరట. బల్లమీద పెట్టాను. నేనొచ్చేదాకా నువ్వు కట్టుకో. ఒంటరిగా ఉండటం దానికి అలవాటు లేదు.

రావ్‌నా, డెబ్బై ఆరేళ్లు, కౌటోకైనోలో నీ పక్క గది.