పసుపు కాగితం, సున్నం నీళ్లు

ఉగాది, రాత్రి

చెల్లెలు చచ్చిపోయి ఏడాది కాలేదని ఇంట్లో పండగ చేయలేదు. దాని కూతురు బుజ్జి మూతి ముడుచుకోని కూచోనుంటే, పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సున్నం నీళ్లతో ‘కోతి’ అని రాసినా. ఎర్రగా తేలేసరికి పడీపడీ నవ్వింది.

"మీ మామ మంత్రగాడే! ఏమి కావల్లన్నా తెప్పిస్తా" అని ఎచ్చులు పోయినా.

"అయితే అమ్మను తెప్పీ మామా."

"మంత్రమూ లేదు, ఏమీ లేదు తల్లీ. పసుపుకు సున్నం తగిల్తే ఎర్రగయితాది, అంతే" అన్నా.

"పో మామా, నీదెప్పుడూ ఎగతాళే" అని, పుల్ల తీసుకోని తనే ‘అమ్మ’ అని రాసింది. అదీ ఎర్రగా తేలింది. ఇంగ వాకిలి తట్టు చూసుకుంటా కూచునింది. అట్లే నిద్రపోయింది.

ఆ వాకిలి మూసేకి నాకు ఇంగా చేతులు రాలేదు.