నువ్వు కుట్టిన జీను

నాయినా,

ఆదివారం సత్తుపల్లిలో పెళ్లి ఊరేగింపుకు మన గుర్రం చుక్కను తీసుకుపోతానని బాబాయి పట్టుబట్టాడు. అందుకే ఇవాళే రాస్తున్నాను. నువ్వు చనిపోయిన ఏడాదికి నీ పిల్ల గుర్రం పెళ్లికొడుకును మోసే ఈడుకు వచ్చింది. కానీ దానికి వీపు నొప్పి. వెన్ను పక్కన వేలు ఆనిస్తే చాలు, నడుము కిందికి కుంగదీసి చెవులు వెనక్కి పెడుతుంది.

తప్పు నాదే. గుర్రానికి వీపు నొస్తే జీను కింద ఇంకో గొంగడి వెయ్యాలని నువ్వనేవాడివి. నేను రెండు వేశాను. పెనుబల్లి నుంచి పశువుల డాక్టరు వచ్చి జీను మీద కప్పిన జరీ గుడ్డ ఎత్తి చూశాడు.

"జీనే ఇరుకమ్మా. ఇరుకు బూట్లల్ల రెండు జతల సాక్సులేస్తే కాలు నొయ్యదా?" అన్నాడు.

ఆ జీను నువ్వు ముసలి గుర్రం కొలతకు కుట్టింది. చుక్క వీపు వెడల్పు. నొప్పి పూర్తిగా తగ్గేదాకా జీను పెట్టొద్దని, ఈలోగా కుట్లు విప్పి వెడల్పు చేయించమని డాక్టరు చెప్పాడు.

బాబాయికి కోపం వచ్చింది. "అన్న చేత్తోని కుట్టింది విప్పుతవా? గంట నడిస్తే ఏమైతది? నాలుగక్షరాలు రాంగనే డాక్టరమ్మవైనవ్."

"అయితే పెళ్లికొడుకును నువ్వే ఎత్తుకపో బాబాయ్. నీ వీపు మంచిగనే ఉందిగా" అన్నాను.

నవ్వలేదు. ఆదివారం పొద్దున్నే వస్తానని వెళ్లిపోయాడు.

కత్తెర ముందు పెట్టుకుని కూర్చున్నాను. నీ కుట్టు మీదికి చెయ్యి పోవడం లేదు. వద్దంటే శనివారం సాయంత్రంలోగా జవాబియ్యి. నీకు రాయడం రాదు కదా, వేలిముద్ర చాలు. అది రాకపోతే, బాబాయి వచ్చేసరికి జీను విప్పేసి ఉంటుంది.