నా చేలోంచి బావ వేసే రోడ్డు

న్యూజీలాండ్, మార్చి 1868

కెజియా అక్కకి,

నీ మొగుడు క్షేమం. లావెక్కాడు, మంత్రి కూడా అయ్యాడు. తప్పు నాదే.

ఇక్కడ శాసనసభ ఎన్నికలంటే బండెక్కి ఒకడు పేరు చెప్పాలి, ఇంకొకడు బలపరచాలి. రెండేళ్ల కిందట, నాలుగు నవ్వులు నవ్వుకుందామని, గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్న బావ పేరు చెప్పాను. కమ్మరి తాగిన ఊపులో బలపరిచాడు. అసలు అభ్యర్థీ, అతని పేరు చెప్పాల్సిన మనుషులూ ఏరు పొంగి అవతలి ఒడ్డునే ఆగిపోయారు. గడువు దాటగానే, ఇంకో పేరు రాలేదు కాబట్టి బావే గెలిచాడని అధికారి చాటేశాడు. అక్కడ ఇంగ్లండులో, మన నార్‌ఫోక్‌లో చెప్పులు కుట్టుకున్న మనిషి, ఇప్పుడు అన్నం దగ్గర కూడా పొడుగు టోపీ తియ్యడు.

ఈ ఏడు రోడ్ల మంత్రిని చేశారు. మొదటి రోడ్డు సరిగ్గా నా బంగాళాదుంపల చేను మధ్యనుంచి గీయించాడు.

"కాస్త పక్కకి తిప్పు బావా" అని బతిమాలాను.

"బామ్మర్ది కోసం తిప్పానని జనం ఆడిపోసుకోరూ?"

"ఆ జనానికి నిన్ను అంటగట్టింది నేనే కదా."

"ఆ విశ్వాసంతోనే రోడ్డుకి నీ పేరు పెడుతున్నాను."

ఆయన భయపడేది నీకొక్కదానికే. సముద్రమంటే భయమని అక్కడే ఉండిపోయావు గానీ, ఇక ఓడెక్కక తప్పదు. నువ్వొచ్చేసరికి చేను ఎలాగూ పోతుంది. రెండో రోడ్డైనా నా గొర్రెల కొట్టం మీంచి పోకుండా నువ్వే ఆపాలి. రేవులో దిగి కొత్త రోడ్డు పట్టుకో, తిన్నగా నా వంటింట్లోకే వస్తావు.

నీ తమ్ముడు