యాదమ్మగారి మల్బరీ చెట్టు

నాచారం, ఆదివారం

అమ్మా, నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఇంటి ఓనరు యాదమ్మగారు తన ఫ్రిజ్ పాడైందని, ఇవాళ వచ్చే మనవరాలి కోసం కోసిన మల్బరీ పళ్ళు మొన్న నా దగ్గర దాచమన్నారు. మనింట్లో ఏదొచ్చినా కడగందే లోపల పెట్టం కదా, అలాగే కడిగి డబ్బాలో పెట్టాను. పొద్దున చూస్తే అన్నీ బూజు. వెంటనే వెళ్ళి చెప్పాను.

"తడి తగిలితె ఆగయి బిడ్డా, తినేటప్పుడే కడగాలె. ఫికర్ జెయ్యకు, దుప్పటుంటె తే" అన్నారు.

నువ్విచ్చిన తెల్ల దుప్పటి చెట్టు కింద పట్టాను. ఆమె కొమ్మను మెల్లగా ఊపితే పండినవే రాలాయి, ఒక్క పచ్చిది పడలేదు. ఆ చెయ్యి నువ్వు చూడాలమ్మా! పాప వచ్చేసరికి గిన్నె నిండింది.

నీ మోకాలు ఎలా ఉంది? నాన్నగారికి నమస్కారాలు. పరుచుకోవడానికి ఇంకో దుప్పటి పంపు. ఇది చెట్టుకే ఉంచుతానని యాదమ్మగారికి మాటిచ్చాను.

నీ చంద్రిక