ఫారంలో లేని గడి

ఒరే ముత్యాలూ,

నువ్వు పోయి ఈ మామిడి పూతకి ఏడాది. నాకు రాయడం సరిగా రాదని నీకు తెలుసు. అయినా ఒళ్లు మండి రాస్తున్నాను.

నిన్న మన కాయ కొనే హైదరాబాదు కంపెనీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. మన తోట భూమికి మేలు చేస్తోందో కీడు చేస్తోందో చూసి సర్టిఫికెట్ ఇస్తారట. డ్రిప్పు పైపులు చూసింది. పురుగుమందు ఖాళీ డబ్బాలు ఎక్కడ పారేస్తున్నారని అడిగింది. చెట్ల మీద పిట్టగూళ్లు కూడా లెక్కపెట్టింది.

"మందు కొట్టే మనిషి గురించి అడగవేంటమ్మా?" అన్నాను.

"ఫారంలో ఆ గడి లేదు తాతగారూ. మీకు మంచి మార్కులే వచ్చాయి, సంతకం పెట్టేయండి."

"పిట్టకి గడి ఉంది, మనిషికి లేదా? ఏ ఏసీ గదిలో కూర్చుని రాశాడమ్మా దీన్ని?"

కాగితం లాక్కుని అడుగున నేనే ఇలా రాశాను: ముత్యాలు ఈ తోటలో మందు కొడుతూ పడిపోయి చచ్చిపోయాడు. మాస్కు కావాలని అడిగితే, తువ్వాలు కట్టుకోరా చాలు అన్నది నేను.

ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. "ఇలా రాస్తే సర్టిఫికెట్ రాదండీ. మావాళ్లు మీ కాయ కొనరు."

"కొనొద్దని చెప్పు" అన్నాను. ఆ రాసినదాని కిందే సంతకం పెట్టి ఇచ్చాను.