చిటికెనవేలు పలికించిన స్వరం

ప్రొద్దుటూరు,
ఆదివారం.

అన్నా,

నా మణికట్టు వాచిందని విని, గిటారు మాన్పించమని మా ఆయనకు ఫోన్ చేశావట. ఫోన్‌లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

తప్పు గిటారుది కాదు. నీ షష్టిపూర్తి రోజు వాయించి ఆశ్చర్యపరచాలని, ఎవరికీ చెప్పకుండా రోజూ మూడు గంటలు సాధన చేశాను. నాకు నేర్పే సింధు నా చెయ్యి చూసి కంగారు పడింది.

"ఏంది మేడం, తీగను అట్ల పిసుకుతాండారు? ఈ అడ్డకమ్మీ, అదే ఫ్రెట్, దాని పక్కనే మెల్లగా అదిమితే సాలు. నొప్పి పుడితే ఆపేయాల" అంది. వారం రోజులు గిటారు ముట్టనివ్వలేదు.

వాపు పూర్తిగా తగ్గింది. ఇప్పుడు పూటకు పదిహేను నిమిషాలే. ముందు చేతులు విదిలించుకుని, ఒక్కో వేలినీ నిదానంగా తీగ మీద నడిపిస్తాను. ఇన్నాళ్లూ మొండికేసిన చిటికెనవేలు కూడా నిన్న స్వరం పలికించింది. అమ్మ రాగులు విసురుతూ పాడే పాటలో మొదటి చరణం ఎక్కడా ఆగకుండా వాయించాను. మా ఆయన టీవీ కట్టేసి, "ఇంగోసారి వాయించు" అన్నారు.

కానీ నాకు అంతవరకే గుర్తుంది. మిగతాది నీకొక్కడికే తెలుసు. ఆశ్చర్యపరచడం ఎటూ కుదరలేదు కాబట్టి, వచ్చే ఆదివారం పులివెందులలో పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి రా. నా పక్కన కూర్చుని పాడన్నా. నేను అందుకుంటాను.

నీ చెల్లెలు