వేడి ఇటుక

కొండమీది ఇల్లు,
న్యూ హాంప్‌షైర్,
మార్చి 12, 1857

కిజ్జీ, నా పిచ్చుక పిల్లా,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ ఆవూ బాగానే ఉన్నాం, పొయ్యి గొట్టం ఒక్కటే పొగ కక్కుతోంది. లోవెల్ బట్టల మిల్లులో ఆ మగ్గాల హోరులో నువ్వెలా ఉన్నావో, దూది దుమ్ముకు దగ్గు పట్టిందో లేదో ఈమధ్య రాయడం మానేశావు. దేవుడు నిన్ను కనిపెట్టుకుని ఉండాలి. నా రాత సంగతి నీకు తెలుసుగా, కోడి గీరినట్టుంటుంది. విసుక్కోకుండా చదువు.

మేపుల్ చెట్ల నుంచి తీపి నీరు కారుతోంది. అది మరిగించి పాకం కాస్తున్నాను. మీ అన్న పోయాక ఇదే మొదటి పాకం. వాడికి తీపి గిట్టదు, ఆ ఆవిరి మాత్రం ఇష్టం. కుండ మీదకు వంగి కళ్ళు మూసుకుని పీల్చేవాడు. ఈసారి ఆ ఆవిరంతా నా కళ్ళలోకే వచ్చింది.

సరే, అసలు సంగతి రాస్తాను. నాకు తెలియకుండా మన ఇంటి మీద ఏదో నాటకం జరుగుతోంది కిజ్జీ.

మొన్న మన గుమ్మంలోకి గంటలు మోగించుకుంటూ ఒక మంచుబండి వచ్చింది. దిగింది బోస్టన్ పత్రికాయన టిల్లట్సన్ గారు. మీ అన్న పద్యాలు అచ్చువేసిన ఆయనే. నువ్వు పంపినవి వంటింటి పొగ వాసన వేస్తున్నాయని తిప్పి పంపిందీ ఆయనే, నేనేం మర్చిపోలేదు. వెంట ఒకావిడ, పేరు లొవీనా స్ప్రేగ్ అట. చచ్చినవాళ్ళతో మాట్లాడుతుందట. ఉండేది మీ లోవెల్లోనేనట. అంత పేరున్న మనిషి నీ చెవిన పడనే లేదా?

టిల్లట్సన్ గారు టోపీ ఒళ్ళో పెట్టుకుని ఎంతో మర్యాదగా చెప్పారు. మీ అన్న అసాహెల్ క్రిస్మస్ దగ్గర్నుంచీ అవతలి ఒడ్డున కూర్చుని మళ్ళీ పద్యాలు చెబుతున్నాడట. ఆదివారాలు ఈవిడ ఇంట్లో కిటికీ తెరలు దించి, నలుగురూ బల్ల చుట్టూ కూర్చుంటారట. బల్ల మీద తెల్ల కాగితం ఉంటుందట. తెరలు తీసేసరికి కాగితం నిండా పద్యం ఉంటుందట. నాకు నవ్వొచ్చింది. చీకట్లో తెల్ల కాగితం లాగేసి రాసిన కాగితం పెట్టడం నాకైనా చేతనవును.

వాటన్నిటినీ మీ అన్న పేరుతో పుస్తకం వేస్తారట. మొదటి పేజీలో తల్లి మాట ఉండాలట. ఇది నా కొడుకు గొంతే, నేను గుర్తుపట్టాను అని నేను సంతకం పెట్టాలట. పెడితే ఆ పద్యాలు ఇక ఎప్పటికీ వాడివే. పెట్టకపోతే పుస్తకం లేదు. సోమవారం మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు.

వెళ్ళేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకంటే పెద్దదే, నన్ను అమ్మా అంటుంది. ఇప్పుడు గుండెల్లో నొప్పి లేదని మీ అబ్బాయి చెప్పమంటున్నాడమ్మా అంది. క్షయతో పోయినవాడి తల్లికి ఆ మాట ఎవరైనా చెబుతారు. నేను ఊరుకోలేదు. పోయేముందు నన్ను ఏం వండిపెట్టమన్నాడో వాడినే అడిగి చెప్పమన్నాను. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన పై అంది. ఈ చుట్టుపక్కల ఏ కొడుకు పోయినా ఆ జవాబు సరిపోతుంది. వాడడిగింది మాడిన మొక్కజొన్న రొట్టె అంచు. అది నీకూ నాకూ తెలుసు.

దొంగది అని తేల్చేసుకున్నాను. కానీ టిల్లట్సన్ గారు రెండు కాగితాలు వదిలి వెళ్ళారు. వేలు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. మొదటి దాంట్లో మన మెట్లున్నాయి, పైనుంచి మూడోది, కాలు పడితే మూలిగేది. పిడి విరిగిన నీలం కప్పు కూడా ఉంది. పైగా ఆ రాత మీ అన్న రాతలాగే ఉంది. వాడేనేమో అనిపించింది.

మళ్ళీ అనుమానం. ఇంటి గుట్టు ఎవరు మోశారు? పక్కింటి ఎలెక్టా మీదకు పోయింది నా మనసు. మీ అన్న జబ్బుగా ఉన్నప్పుడు రోజూ వచ్చేది కదా, పైగా ఎవరు పలకరించినా ఊరి కబుర్లన్నీ కుమ్మరించే మనిషి. తిన్నగా వెళ్ళి అడిగేశాను. ఆవిడ పిండి చేతులు నడుమున పెట్టుకుని, "నీ మెట్ల కథ నాకెందుకు వదినా, నా మోకాళ్ళకు మా మెట్లు చాలవూ," అంది. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకు మాట్లాడతానంటే తల్లే నోరు మూస్తుందా అని కూడా అంది. ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆవిడ కాదని అర్థమైంది. రోజూ వచ్చినా ఆ మోకాళ్ళతో మన మేడ మీదకు ఆవిడ ఎప్పుడూ ఎక్కనేలేదు, మూడో మెట్టు సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి గుర్తొచ్చింది. బండి ఎక్కుతూ స్ప్రేగ్ ఆవిడ నోరు జారింది. నల్ల ముసుగు వేసుకుని ఒక మిల్లు పిల్ల వస్తుందట. ఆ పిల్ల తన పక్కన కూర్చున్న ఆదివారమే అసాహెల్ పలుకుతాడట, రాని ఆదివారం కాగితం తెల్లగానే ఉంటుందట. ఆ పిల్ల దుఃఖం అంత స్వచ్ఛమైనదంది. చూడబోతే ఆవిడ మాయలమారి కాదేమో, ఆవిడా నమ్ముతోందేమో.

రెండో కాగితం సంగతి ఇక్కడ రాయలేను. అది చదివాక పొయ్యి మీద పాకం మాడిపోయినా లేవలేకపోయాను. మనసు కుదుటపడ్డాక రాస్తాను.

మంచు కరిగి దారంతా బురద. టపా బండి ఎప్పుడొస్తుందో. నీ గదిలో నీతోపాటు పడుకునే పిల్లలను అడిగానని చెప్పు.

నీ ఉత్తరం కోసం దారి చూసే
అమ్మ

తా.క. ఇవాళ సోమవారం. టపా బండి రాలేదు, వాళ్ళు మాత్రం వచ్చి వెళ్ళారు. అందుకని ఇదీ కలుపుతున్నాను.

రెండో పద్యం ఇటుక గురించి. చలికాలమంతా పొయ్యిలో ఇటుక కాల్చి, ఎర్ర ఉన్నిగుడ్డ చుట్టి, మేడ మీద మీ అన్న పాదాల దగ్గర పెట్టేవాళ్ళం కదా. వాడే ఆ పద్యం చెప్పి ఉంటే పాదాలు వెచ్చబడ్డ సంగతి చెప్పేవాడు. ఇందులో పాదాలు లేవు, అరచేతులున్నాయి. తొందరలో గుడ్డ మరిచి ఉత్త చేతులతో ఇటుక పట్టుకోవడం, చెయ్యి కాలిపోతున్నా, కింద పడితే నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడతాడని వదలకపోవడం. మూలిగే మెట్టు దాటి కాలు వేయడం.

వాడు ఏనాడూ ఇటుక మోయలేదు కిజ్జీ. మోసింది మనిద్దరమే. నాకు పద్యాలు రావు.

చెయ్యి బొబ్బలెక్కితే సబ్బు కాస్తుంటే కాలిందన్నావు నాతో. నేను నమ్మాను. రాత ఒకేలా ఉండదా మరి, నీకు పలక మీద దిద్దించింది వాడే.

ఆ నల్ల ముసుగు వేసుకుని ఇదంతా ఎందుకు చేశావో అడగను. కొడుకు ఇంకా మాట్లాడుతున్నాడని అమ్మ అనుకోవాలనో, నీ పేరు చూస్తే టిల్లట్సన్ గారు మళ్ళీ తిప్పి పంపుతారనో. మొదటి కాగితం చదివిన రోజు వాడే అనుకుని దాన్ని చెంపకు ఆనించుకున్నాను, అది దాచను. ఇప్పుడు వాడు నిజంగానే ఊరుకున్నాడు. ఊరుకోనీ. బతికున్న బిడ్డ గొంతును పోయినవాడి నోట్లో పెట్టి నేను వినలేను.

సంతకం పెట్టలేదు. ఇవి నా కొడుకువి కావని చెప్పాను. మరెవరివని టిల్లట్సన్ గారు గట్టిగా అడిగారు. "ఇటుక మోసినవాళ్ళవి. వాళ్ళే మీకు రాస్తారు, అప్పుడు వాళ్ళ పేరు వేయండి. లేదంటే ఆ కాగితాలు నాకిచ్చేయండి," అన్నాను. నీ పేరు చెప్పలేదు. అది నువ్వే చెప్పాలి.

ఎర్ర ఉన్నిగుడ్డ ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. నీ చెయ్యి మీద మచ్చ పడిందేమో రాయి. మిల్లు గంట కొట్టిందని పళ్ళెం ముందు నుంచి లేచిపోకు తల్లీ, కడుపునిండా తిను.